మూసిన పెట్టెలోని ఒడంబడిక: కొనుగోలుదారు ఎరుక

సాఫ్ట్‌వేర్ షరతులను కొనుటకు ముందే చదువవచ్చునా అన్న ప్రశ్నకు తెలుగు నేల న్యాయచరిత్రలో ఒక పూర్వరంగం ఉన్నది. 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద తయారుగా అమ్మే సాఫ్ట్‌వేర్‌పై పన్ను విధింపును టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సవాలు చేసింది. సీడీ వంటి వాహకంపై అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు నిర్ణయించింది.

వైరుధ్యం ఇక్కడే ఉన్నది. పన్నుకు అది సరుకు. లైసెన్సు దృష్టిలో కొన్నవానికి దక్కినది వినియోగానుమతి మాత్రమే. ఆ షరతులు తరచుగా సీలు విప్పిన పిదపనే కనిపించేవి. వాపసు చేసే వీలున్నందున అట్టి షరతులు చెల్లుతాయని అమెరికాలో 1996 నాటి ప్రోసీడీ తీర్పు పేర్కొన్నది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 4వ సెక్షను ప్రకారం మాత్రం, ప్రతిపాదన ఎదుటివాని ఎరుకకు వచ్చినప్పుడే దాని నివేదన పూర్తవుతుంది.

తెలుగు దస్తావేజులలోని ‘చదివి వినిపించగా’ అన్న మాట ఈ ఎరుకకే సాక్ష్యం. చదువురానివాడు సైతం విని సమ్మతించేవాడు. 2008లో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయంలో నేడు ఫోనులో యాప్‌ను దింపుకొనే ప్రయాణికునికి సీలు అడ్డంకి లేదు. షరతులు ముందే తెరపై ఉండవచ్చు. అవి సుదీర్ఘమైన ఆంగ్లంలో ఉన్నప్పుడు మాత్రం పాఠం అందినా ఎరుక అందదు. కనుక చదివే అవకాశాన్ని అందుబాటుతో గాక అవగాహనతో కొలవవలసి ఉన్నది.