ఎందుకొచ్చాం? రెండు వందల ఏళ్ల లెక్క

బుకిట్ బటోక్ చుట్టుపక్కల ఉంటున్న మనలో చాలామందికి ఆదివారం కాస్త గాలి పీల్చుకునే చోటు ఇక్కడి టౌన్ పార్క్. అందరూ 'లిటిల్ గుయిలిన్' అంటారు. నీళ్ల మధ్య నిలబడిన ఆ రాతి గుట్ట ముందు ఫోటో దిగి ఇంటికి పంపనివాడు మనలో తక్కువ. అది దేవుడు పెట్టిన అందం కాదు, పాత గ్రానైట్ క్వారీ. రాయి తీసేసిన గోతిలో నీళ్లు నిండాయి, తీయకుండా వదిలేసిన కొండ ముక్క అలా నిలిచిపోయింది. మలయ్ భాషలో బుకిట్ అంటే కొండ. బటోక్ అన్న మాటకి రెండు మూడు కథలు చెప్తారు. జావా భాషలో కొబ్బరికి సంబంధించిన మాట అని కొందరంటారు. మలయ్‌లో 'బటుక్' అంటే దగ్గు కాబట్టి, క్వారీలో మందు పెట్టి పేల్చినప్పుడల్లా కొండ దగ్గినట్టు వినిపించేదని ఇంకొందరంటారు.

సైటు మీద పనిచేసే మాకు ఆ రెండో కథే నచ్చుతుంది. రాయి పగిలితేనే ఊరు లేస్తుంది. ఆ రాయి పగలగొట్టడానికీ, ఊరు లేపడానికీ ఈ దేశానికి బయటి నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. వాళ్లలో మన తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఎందుకొచ్చారు, ఎవరి మాట మీద వచ్చారు, వచ్చాక ఎలా నిలబడ్డారు అన్నది తెలుసుకుంటే, ఈ రోజు మన ప్రయాణం లెక్క మనకి ఇంకా బాగా అర్థమవుతుంది.

సంకెళ్లతో వచ్చిన మేస్త్రీలు

1819లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ కోఠీ పెట్టారు. 1825 ఏప్రిల్‌లో సుమత్రాలోని బెంకూలెన్ నుంచి మొదటి భారత ఖైదీల ఓడ వచ్చింది. అందులో 80 మంది మద్రాసు ఖైదీలు. వారం తిరిగేసరికి బెంగాల్ ఖైదీలు ఇంకో 122 మంది దిగారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే ఒక్క తమిళనాడే కాదు. గంజాం, విశాఖ, గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, కడప, బళ్లారి అన్నీ దాంట్లోవే.

వాళ్లు తమ ఇష్టంతో రాలేదు. శిక్షగా తెచ్చారు. అయినా ఊరిని కట్టింది వాళ్లే. అడవి కొట్టారు, రోడ్లు వేశారు, మట్టి తెచ్చి ఇటుకలు కాల్చారు. ఈ రోజు సిటీ హాల్ స్టేషన్ పక్కన తెల్లగా మెరిసే సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్‌ని 1856 నుంచి 1861 దాకా కట్టింది భారత ఖైదీలు. ప్రెసిడెంట్ ఉండే ఇస్తానా భవనం కూడా ఖైదీల చేతి పనే.

ఆ చర్చి గోడలకి పూసింది మద్రాసు సున్నం. గుల్ల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం కలిపి మెత్తగా నూరేవారు. కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు పోసి పదునుకి తెచ్చేవారు. గోడకి పూసి ఆరాక రాయితో రుద్ది రుద్ది అద్దంలా నిగ్గు తేల్చేవారు. మన ఊళ్లలో పాత ఇళ్లకి బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి గానుగ ఆడించిన సున్నం ఎలా ఉండేదో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. ఇదీ ఆ కుటుంబంలోదే. పని ఇక్కడిది, మట్టి ఇక్కడిది, చేతివాటం మాత్రం సముద్రం దాటి వచ్చింది. కొత్త చోట ఇమిడిపోవడం అంటే ఏమిటో ఎవరైనా అడిగితే ఆ గోడని చూపిస్తే సరిపోతుంది.

ఇంకో సంగతి. ఆ జైల్లో కొంతకాలానికి ఖైదీలకి కాపలా కూడా ఖైదీలే కాశారు. నమ్మకంగా ఉన్నవాళ్లని టిండాల్ అని పేరు పెట్టి తోటివాళ్ల మీద పెద్దగా వేసేవారు. ఇప్పటి మా సూపర్‌వైజర్ పనికి అది తాత లాంటి పని అనుకోవచ్చు. 1873లో ఖైదీల పద్ధతి ఇక్కడ ముగిసింది. శిక్ష మిగిలినవాళ్లని అండమాన్ తీసుకెళ్లారు. విడుదలైనవాళ్లలో కొందరు ఇక్కడే ఉండిపోయారు.

కంగాణీ చేతిలో డబ్బు

తర్వాతి తరాలు సంకెళ్లు లేకుండా వచ్చాయి. కానీ అప్పుతో వచ్చాయి. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువు రాయలసీమని తుడిచిపెట్టింది. పంట లేదు, పని లేదు, వడ్డీ మాత్రం ఆగలేదు. అదే కాలంలో మలయాలో తోటలు పెరిగాయి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రబ్బరు గిరాకీ ఆకాశానికెక్కింది. మొదట ఒప్పంద కూలీలుగా, వేలిముద్ర వేయించుకుని తీసుకెళ్లేవారు. మలయాలో ఆ పద్ధతిని 1910లో ఆపేశారు. అప్పటికే కంగాణీ పద్ధతి నడుస్తోంది. తోటలో పనిచేసే మనిషికి దొర డబ్బులిచ్చి సొంత ఊరికి పంపేవాడు. వాడు బంధువుల్నీ, ఊరివాళ్లనీ పోగుచేసేవాడు. చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు, అక్కడ అంతా బాగుంటుందని చెప్పేవాడు. తోటకి చేరాక ఆ అడ్వాన్సు తీరేదాకా కంగాణీ మాటే చట్టం.

ఇక్కడ ఒక్కటి గమనించాలి. మోసం ఎప్పుడూ పరాయివాడి మొహంతో రాలేదు. మన ఊరి మనిషి, మన యాసలో, "అన్నా, నువ్వూ రా" అని పిలిచాడు. ఆ పిలుపులో నిజం ఎంత, కమీషన్ ఎంత అని అడిగే తీరిక ఆకలి ఇవ్వలేదు.

ఉత్తరాంధ్ర వాళ్లకి ఇంకో దారి ఉండేది. కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి రంగూన్ వెళ్లేవారు. 'రంగం వెళ్లాడు' అన్న మాట శ్రీకాకుళం వైపు ఇప్పటికీ ముసలివాళ్ల నోట వినిపిస్తుంది. 1930లో రంగూన్ రేవులో పని కోసం తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య గొడవ రాజుకుని పెద్ద అల్లరైంది. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లక్షల మంది కొండలు, అడవులు పట్టుకుని నడిచి ఇండియాకి తిరిగొచ్చారు. చాలామంది దారిలోనే పోయారు.

మలయాలోనూ అంతే. ధర పడిపోయిన 1930ల మొదట్లో వేలకి వేల కూలీలని ఓడెక్కించి వెనక్కి పంపేశారు. కూలి తగ్గింపు గొడవ మీద 1938లో భారత ప్రభుత్వం మలయాకి కూలీల పంపకాన్ని ఆపేసింది. పని ఉన్నంతసేపే మనిషికి విలువ అన్న సంగతి ఆనాడే తేలిపోయింది.

అయినా ఉండిపోయినవాళ్లు ఊరికే ఉండలేదు. తోటల్లో తమిళం ఎక్కువ కాబట్టి తమిళం నేర్చుకున్నారు, బజారు కోసం మలయ్ నేర్చుకున్నారు. ఇంట్లో తెలుగు వదల్లేదు, రామ భజన మందిరాలు కట్టుకున్నారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి మలేషియా తెలుగు సంఘం అదే. సింగపూర్ తెలుగు సమాజం 1975లో ఏర్పడింది. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి 1855 నాటిది. మనం వెంకన్న అని దండం పెడతాం, పక్కవాళ్లు పెరుమాళ్ అంటారు. క్యూ ఒక్కటే.

బుకిట్ బటోక్ మెట్లు

మనం ఉండే ఈ కొండకీ ఒక బలవంతపు పని కథ ఉంది. 1942 ఫిబ్రవరి 15న ఇక్కడికి దగ్గర్లోని ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో ఇంగ్లీషువాళ్లు జపాన్‌కి లొంగిపోయారు. తర్వాత జపాన్‌వాళ్లు బుకిట్ బటోక్ కొండ మీద తమ సైనికుల కోసం స్మారకం కట్టించారు. కట్టింది యుద్ధ ఖైదీలు, ఆస్ట్రేలియా, ఇంగ్లీషు సిపాయిలు. ఓడిపోయాక 1945లో జపాన్‌వాళ్లే దాన్ని కూల్చేశారు. మెట్లు ఈ రోజుకీ మిగిలి ఉన్నాయి. పైన ఒక టవర్ నిలబడి ఉంది.

అదే యుద్ధంలో మలయా తోటల నుంచి తమిళులనీ, వాళ్లతో పాటు తెలుగువాళ్లనీ సయాం-బర్మా రైల్వే పనికి పట్టుకుపోయారు. 415 కిలోమీటర్ల లైను. అక్కడికి పోయినవాళ్లలో వేలమంది తిరిగి రాలేదు. తోటలో భార్యాబిడ్డలకి ఒక కాగితం కూడా రాలేదు.

ఈ కాలం లెక్క

ఇప్పుడు బుకిట్ బటోక్ పక్కనే టెంగా అనే కొత్త టౌన్ లేస్తోంది. 700 హెక్టార్లు, 42,000 ఇళ్ల ప్లాను. దాన్ని కలుపుతూ జురోంగ్ రీజియన్ రైలు లైను, 24 స్టేషన్లు. అందులో ఒకటి బుకిట్ బటోక్ వెస్ట్. వాటి కడ్డీలు, షట్టరింగు, కాంక్రీటు మీద మన చేతులు కూడా ఉన్నాయి. మనల్ని సంకెళ్లతో తేలేదు, తుపాకీతో తేలేదు. కానీ అప్పు మాత్రం పాత కంగాణీ కాలం నుంచి మనతోనే వస్తోంది.

కాగితం మీద లెక్క వేద్దాం. ఒక తమ్ముడు 3 లక్షలు అప్పుచేసి వచ్చాడనుకోండి. నూటికి మూడు రూపాయల వడ్డీ. జీతం 800 డాలర్లు, తన ఖర్చు 250. మిగిలేది 550. సులువుకి డాలరుకి 60 రూపాయలు వేసుకుంటే 33,000. ఇంటి ఖర్చుకి 12,000 పోతే అప్పుకి 21,000. మొదటి నెలలో అందులో 9,000 వడ్డీకే సరి. అప్పు మొత్తం తీరడానికి దాదాపు 19 నెలలు పడుతుంది. పర్మిట్ రెండేళ్లదైతే, తనకోసం సంపాదించేది 5 నెలలే. ఈలోపు ఒంట్లో బాగోకపోయినా, పని తగ్గినా ఆ 5 నెలలూ పోతాయి.

ఇక్కడి చట్టం ప్రకారం సింగపూర్ ఏజెన్సీ పనివాడి దగ్గర ఏడాదికి ఒక నెల జీతం చొప్పున, ఎంతైనా రెండు నెలల జీతం మించి తీసుకోకూడదు. ఇండియాలో రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఆ రెండూ కట్టినా అదే వడ్డీకి ఆ అప్పు దాదాపు 7 నెలల్లో తీరిపోతుంది. ఉద్యోగం ఇచ్చినందుకో, పర్మిట్ పొడిగించినందుకో యజమాని డబ్బులు తీసుకోవడం ఇక్కడ నేరం. గల్ఫ్ దేశాలకి వెళ్లేవాళ్ల కాగితాల్లాగా సింగపూర్ వచ్చేవాళ్ల కాగితాలని మన దేశంలో ఎమిగ్రేషన్ ఆఫీసు చూడదు. సింగపూర్ ఆ లిస్టులో లేదు. అందుకే ఐపీఏ లెటర్‌లో బేసిక్ జీతం ఎంత, కోతలు ఎంత అన్నది బయల్దేరకముందే మనమే చూసుకోవాలి.

మంచి కారణం అంటే పెద్ద పెద్ద మాటలేం కాదు. చెల్లి పెళ్లి, ఇల్లు, పొలం విడిపించడం, పని నేర్చుకుని మేస్త్రీ కావడం, ఏదైనా మంచి కారణమే. అది మనదై ఉండాలి, దానికి ఒక మొత్తం, ఒక గడువు ఉండాలి. 'పక్కింటోడు వెళ్లాడు' అన్నది పక్కింటోడి కారణం. 'ఏజెంటు రేపే కట్టమన్నాడు' అన్నది ఏజెంటు కారణం.

సరే సార్ అనే అలవాటు

ఇక్కడి పద్ధతులు నేర్చుకోవడం అనగానే తిన్న ప్లేటు తీసి పెట్టడం, రాత్రి పదిన్నర తర్వాత బయట మందు తాగకపోవడం అని చెప్తారు. అవి వారంలో వచ్చేస్తాయి. రావడానికి కష్టమైనది ఇంకోటి ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేటప్పుడు ఎదురడగకూడదని నేర్పారు. అర్థం కాకపోయినా తలూపడం మర్యాద. ఇక్కడ పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో తలూపితే అర్థమైందని లెక్క. సంతకం పెడితే బాధ్యత తీసుకున్నట్టు. హార్నెస్ ఎక్కడ తగిలించాలో తెలియకుండా "సరే సార్" అన్నవాడు నాలుగో అంతస్తు మీద నిలబడతాడు. మర్యాద మనకి మంచి ఆస్తే, కానీ సైటు మీద "మళ్లీ చెప్పండి" అనడమే మర్యాద. మాలాంటి సూపర్‌వైజర్లు కూడా ఆ మాట విని విసుక్కోకూడదు.

2020లో డార్మిటరీల్లో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి కోవిడ్ సోకింది. నెలల తరబడి గదుల్లోనే ఉన్నాం. బెంగాలీ, తమిళం, కాస్త ఇంగ్లీషు తెలిసినవాళ్లు పక్కవాళ్లకి డాక్టరు మాట చెప్పారు. పక్కవాడి భాష నాలుగు మాటలు నేర్చుకున్నందుకు మన తెలుగేమీ తగ్గలేదని అప్పుడు చూశాం.

ఈ సంవత్సరం ఊరి నుంచి ఏ తమ్ముడైనా "అన్నా, అక్కడ పనుందా?" అని ఫోన్ చేస్తే, ముందు అతన్ని ఈ నాలుగూ అడుగుదాం: ఎందుకు వస్తున్నావు, ఎంత అప్పుతో వస్తున్నావు, ఎన్ని నెలల్లో తీరుతుంది, ఐపీఏ లెటర్ చేతికి వచ్చిందా? జవాబులు దొరికాకే డబ్బు కట్టమని చెబుదాం. లెటర్ అర్థం కాకపోతే దాని ఫోటో మన ఫోరంకి పంపమనండి. ఆదివారం కూర్చుని తెలుగులో చదివి చెప్తాం.