రంపానికి పెట్రోలు ట్యాంకు వచ్చాక

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చెట్లు కోసే మిషను చరిత్ర రాయాలంటే వడ్రంగి రంపంతో మొదలుపెట్టాలని ఎవరికైనా తోస్తుంది. గుంట మీద దుంగను అడ్డంగా పడేసి ఒకరు పైన, ఒకరు లోపల నిలబడి లాగే కోత రంపం పాత తరం, తాడు లాగితే ఒక్క మనిషి చేతిలో తిరిగే చైన్‌సా కొత్త తరం. వరస బాగానే కనిపిస్తుంది. కానీ పాత చైన్‌సా ట్యాంకు కింద పెట్రోలు కారుతుంటే దాన్ని పట్టుకెళ్లేది వడ్రంగి దగ్గరికి కాదు, మోపెడ్లు, మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు విప్పే షెడ్డుకు. ఈ పనిముట్టు కోతగాళ్ల ఇంటి బిడ్డలా కనిపించినా దాన్ని సాకింది మెకానిక్కులేనని నా వాదన.

కోతగాళ్ల వాటా లేదని కాదు. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో కరెంటు చైన్‌సా, 1929లో పెట్రోలు చైన్‌సా తయారుచేశాడు. నేటి గొలుసుకు రూపమిచ్చింది మాత్రం అమెరికాలో కట్టె కొట్టే జోసెఫ్ కాక్స్. కర్రను తొలిచే పురుగు దవడలు చూసి 1947లో ఆయన చేసిన గొలుసే ఇప్పటికీ నమూనా. దాని పళ్లకు పదును పెట్టేది ఆకురాయే, గుండ్రటిదైనా సరే. రంపానికి పదును పెట్టిన చేతికి ఇది కొత్త పనేమీ కాదు. చేతి రంపంలో లేనిదల్లా ట్యాంకు. కారే వస్తువే లేనిచోట కారకుండా ఆపే నేర్పు ఎలా పుడుతుంది? అది లూనా (1972), టీవీఎస్ 50 (1980) లాంటి బళ్ల వెంట వచ్చింది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయడం, పైపు పగిలితే మార్చడం, మసి పట్టిన ప్లగ్గు గీకడం పల్లెల్లో కూడా తెలిసిన పనులయ్యాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగినప్పుడు దారులకు అడ్డంపడ్డ మానులను కోసిన చైన్‌సాల వెనక ఆ షెడ్ల పనితనం కూడా ఉంది.

తుపాను మిషనుకు ఒక చిక్కుంది. రెండు వారాలు ఎడతెరిపి లేకుండా తిరిగి, తర్వాత నెలల తరబడి మూలన పడుంటుంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరైపోతుంది, ఆయిలు జిగురుగా మిగులుతుంది, పైపు గట్టిపడి బీటలు వారుతుంది. మళ్లీ పెట్రోలు పోసిన రోజే కారడం మొదలు. అప్పుడు మంచి మెకానిక్కు వెంటనే స్క్రూడ్రైవరు అందుకోడు. మిషనును తుడిచి కాగితం మీద పెడతాడు. మరక త్వరగా ఆరి, అంచున పల్చటి ఆయిలు చార మిగిలితే పెట్రోలు. ఆరకుండా జిడ్డుగా ఉండిపోతే గొలుసుకు పోసే ఆయిలు. దానికి వేరే ట్యాంకు ఉంటుంది, చాలామంది దాన్నే లీకనుకుని కంగారుపడతారు. పెట్రోలేనని తేలాక మూత రింగు, ట్యాంకు గోడలోంచి పైపు బయటికొచ్చే చోట రబ్బరు, గాలి లోపలికి పీల్చే చిన్న వాల్వు వరసగా చూస్తాడు. ఆ వాల్వు మూసుకుపోతే ఇంజను కాసేపటికే ఆగిపోతుంది, తెరుచుకునే ఉండిపోతే పక్కకు వంచగానే పెట్రోలు బయటికొస్తుంది. అయినా దొరక్కపోతే పైపుకు చేతిపంపుతో గాలి కొట్టి సబ్బు నీళ్లు రాస్తాడు. బుడగ లేచిన చోటే తప్పు.

మోపెడు కార్బొరేటరు వేరు కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే. మోపెడులో పెట్రోలు మట్టాన్ని తేలే బుడ్డి చూసుకుంటుంది. ఎటు వంచినా పనిచేయాల్సిన చైన్‌సాలో ఆ పని పల్చటి పొర, చిన్న సూది వాల్వు చేస్తాయి. సూది సరిగా మూసుకోకపోతే ఇంజనులోకే పెట్రోలు నిండిపోతుంది. ఆ ఒక్క భాగం మెకానిక్కు కొత్తగా నేర్చుకోవాల్సిందే. కానీ రెండు స్ట్రోకుల ఇంజను, మిశ్రమం, సీళ్లు, పైపులు అంతకుముందే చేతికి అలవాటైనవి. ఇక చవక మిషను కొత్తది కొంటే పోలేదా అనేవారున్నారు. దాని పైపూ రబ్బరే. బ్యాటరీ రంపం చాలనేవారు కరెంటు లేని తుపాను రోజుల్లో దాన్ని మళ్లీ ఛార్జి చేయడం ఎలాగో చెప్పాలి. సరుగుడు తోటల్లో రోజూ తిరిగే మిషన్ల మాటేమిటన్న ప్రశ్న ఇంతకన్నా గట్టిది. వాటికి అదురు వల్ల అరుగుదల ఎక్కువ, పెట్రోలు నిలవ ఉండిపోయే బాధ తక్కువ. జబ్బు వేరైనా వైద్యుడు ఒకడే.

అసలు సమస్య ఆ వైద్యుడికే పని తగ్గడం. టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 నాలుగు స్ట్రోకుల ఇంజనుతో 2015లో వచ్చింది. రెండు స్ట్రోకుల బళ్లు పోతున్న కొద్దీ వాటి మీద చేయి తిరిగిన మెకానిక్కులూ తగ్గుతారు. పైగా 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, దాన్ని తట్టుకునేలా చేయని పాత రబ్బరును పాడుచేస్తుంది. అందుకే ఐటీఐల్లో మెకానిక్ పాఠాల పక్కన చైన్‌సా, స్ప్రేయర్ ఇంజన్లను కూడా విప్పి చూపించాలి. మిషను ఉన్నవారు పని ముగిశాక ట్యాంకు ఖాళీచేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా తిప్పి దాచండి. పైపు, మూత రింగు అక్టోబరు రాకముందే మార్పించండి.