సెటిల్‌మెంట్: ఒకే మాట, నాలుగు అర్థాలు

నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. మా సబ్జెక్టులో సెటిల్‌మెంట్ అంటే బరువుకి పునాది కింద నేల కుంగడం. చరిత్ర పుస్తకం తెరిచిన కొత్తలో 'పర్మనెంట్ సెటిల్‌మెంట్' అన్న మాట చూసి, శాశ్వతంగా కుంగడమా అని నవ్వుకున్నాను. తర్వాత ఓ మోడల్ టెస్టులో ఆ మాటే నన్ను ముంచింది. స్టువర్టుపురం సెటిల్‌మెంట్ గురించి అడిగితే, భూమిశిస్తు గురించి రెండు పేజీలు రాసొచ్చాను. మీకు ఆ పొరపాటు జరగకూడదనే ఈ వ్యాసం.

మొదటి అర్థం, శిస్తు నిర్ణయం. శిస్తు ఎంత, దాన్ని కట్టే బాధ్యత ఎవరిది అని తేల్చడమే ఇక్కడ సెటిల్‌మెంట్. 1793లో కార్న్‌వాలిస్ బెంగాల్, బీహార్, ఒరిస్సాల్లో జమీందార్లతో తేల్చుకున్నాడు. వసూలులో 11 వంతులకు 10 వంతులు కంపెనీకి, 1 వంతు జమీందారుకి. గడువు రోజు సూర్యాస్తమయంలోగా కట్టకపోతే ఎస్టేటు వేలానికి పోయేది. 1802 నుంచి ఈ పద్ధతే ఉత్తర సర్కారులకూ వచ్చింది. దత్త మండలాల్లో 1800 నుంచి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో మాత్రం నేరుగా రైతుతో తేల్చుకునే రైత్వారీ వైపు మొగ్గాడు. 1822లో ఉత్తర భారతంలో మొదలైన మహల్వారీలో గ్రామాన్నో, ఎస్టేటునో ఒక యూనిట్‌గా తీసుకున్నారు. కాబట్టి ఈ ప్రశ్న వస్తే ముందు మీరు వేసుకోవాల్సింది ఒక్కటే: సెటిల్‌మెంట్ ఎవరితో? జమీందారీలో ప్రభుత్వానికి రావలసింది స్థిరపడింది కానీ, జమీందారుకి రైతు కట్టాల్సింది ఆచరణలో స్థిరపడలేదు. అసలు కష్టం అక్కడే ఉంది.

రెండో అర్థం, వలస స్థావరం. 1826లో కంపెనీ పెనాంగ్, మలక్కా, సింగపూర్‌లను కలిపి స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ అంది. 1867లో క్రౌన్ కాలనీ అయ్యేదాకా వాటి పాలన భారతదేశంలోని బ్రిటిష్ ప్రభుత్వం కిందే ఉండేది.

మూడో అర్థం, జనావాసం. ధోలావీరా, లోథల్ వంటి హరప్పా స్థలాల గురించి రాసేటప్పుడు ఈ అర్థమే తీసుకోవాలి.

నాలుగోది నేను తప్పు రాసింది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. ఫలానా కులంలో పుట్టడమే నేరస్తుడనడానికి చాలన్న చట్టం అది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. ఎరుకల వారు గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసుకెళ్లి ఊరూరా అమ్ముకునేవారు. ప్రభుత్వ ఉప్పు విధానం, రైళ్లు కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయినవాళ్ల మీదే దొంగలన్న ముద్ర పడింది. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వాళ్ల కోసం ఒక సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరుతో అదే స్టువర్టుపురం అయింది. ఇలాంటి సెటిల్‌మెంట్లలో హాజరు పలకాలి, బయటికెళ్లాలంటే అనుమతి కావాలి. 1952లో చట్టం రద్దయి, ఆ జాతులు 'విముక్త జాతులు' అయ్యాయి. చట్టం పోయినా మచ్చ పోలేదు. ఆ ఊరి పేరు చెబితే నేటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది దొంగతనమే. నాకూ అంతే. వాళ్ల ఉప్పు వ్యాపారం సంగతి ఆ టెస్టు తప్పాకే చదివాను.

ఇంట్లో వాళ్లు "ఎప్పుడు సెటిల్ అవుతావురా?" అన్నప్పుడు ఆ మాటలో నిశ్చింత వినిపిస్తుంది. చరిత్రలో ఆ నిశ్చింత తరచూ తేల్చినవాళ్లకే దక్కింది. మా సబ్జెక్టులో ఒక సూత్రం ఉంది: భవనం మొత్తం ఒకేలా కుంగితే పెద్ద ప్రమాదం లేదు, ఒక మూల ఎక్కువ కుంగితేనే గోడలు పగులుతాయి. జవాబు రాసేటప్పుడు ఆ మూల ఎవరిదో చూడండి.

ఈ వారం ప్రాక్టీస్ ప్రశ్న: 'వలస పాలనలో సెటిల్‌మెంట్ అనే మాట భూమికీ, మనుషులకూ ఎలా వర్తించింది?' 150 పదాల్లో రాసి చూసుకోండి.