కేసు షీటు మీది ఆ ఒక్క వాక్యం

“వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టపూర్వకంగా తీసుకువెళ్తున్నాము.”

ప్రభుత్వ వైద్యుడిగా ఉన్న కాలంలో రోగి బంధువుల చేత ఈ వాక్యం ఎన్నిసార్లు రాయించానో లెక్క లేదు. కోలుకునే ఆశ లేదని చెప్పినది నేనే. ఇంటికి తీసుకువెళ్లమని సూచించినదీ నేనే. కాగితం మీద మాత్రం అది నా సలహాకు విరుద్ధం! వెంటిలేటరును ఆపే అధికారం వైద్యుడికి ఉన్నదని స్పష్టంగా చెప్పే చట్టం మాకు లేదు. ఆ భయమే వారి చేత వేలిముద్ర వేయించేది.

జీవించే హక్కులో మరణించే హక్కు ఇమిడి లేదని 1996లో గ్యాన్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సహజ మరణం ఆరంభమైన వ్యక్తి గౌరవంగా కన్నుమూయడం వేరని కూడా ఆ తీర్పులోనే ఉన్నది. ఈ రెండవ మాట మావంటి వారి చెవిన పడలేదు.

2004లో హైదరాబాదులో కండరాల క్షీణతతో మరణశయ్యపై ఉన్న 25 ఏళ్ల చదరంగ క్రీడాకారుడు, ప్రాణం పోకముందే అవయవదానం చేయాలని కోరుకున్నాడు. తల్లి హైకోర్టును ఆశ్రయించింది. బ్రెయిన్ డెత్ కాని వ్యక్తి నుండి అలా అవయవాలు తీయడానికి 1994 నాటి చట్టం ఒప్పుకోదు, అనుమతి రాలేదు. ఆ డిసెంబరులోనే అతడు మరణించాడు. చట్టప్రకారం కోర్టును తప్పుపట్టలేను. ఆ తల్లిని మరువనూ లేను.

1973లో దాడికి గురై అచేతనంగా మిగిలిన ముంబయి నర్సు అరుణా షాన్‌బాగ్ విషయంలో 2011 మార్చి 7న తీర్పు వచ్చింది. ఆమెను దశాబ్దాలుగా సాకిన తోటి నర్సులు ఆహారం ఆపవద్దన్నారు. కోర్టు వారి మాటనే మన్నించింది. అయితే ఇతర రోగులకు హైకోర్టు అనుమతితో చికిత్సను విరమించవచ్చని దారి చూపింది.

2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో లివింగ్ విల్లుకు గుర్తింపు లభించింది. కానీ దానిపై మేజిస్ట్రేటు సంతకం కావాలి, రెండు వైద్య బోర్డులు కావాలి, చివరకు మేజిస్ట్రేటే రోగి మంచం దగ్గరకు రావాలి. రాత్రి గడవడమే గగనమైన రోగికి ఇన్ని మెట్లా? 2023 జనవరి 24న న్యాయస్థానమే వాటిని తగ్గించింది. నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. బోర్డులు వీలైనంతవరకు 48 గంటలలో అభిప్రాయం చెప్పాలి. మేజిస్ట్రేటుకు తెలియజేస్తే సరిపోతుంది.

ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం నేటికీ నేరమే. యంత్రాన్ని ఆపినా నొప్పి తగ్గించే మందు ఆపకూడదు.

ఈ మార్పులన్నీ రాకముందే నేను పదవీ విరమణ చేశాను. నా సంతకం ఉన్న కేసు షీట్లలో ఆ పాత వాక్యమే ఉన్నది.