తెనాలి, బాపట్ల, రేపల్లె: మన నేల, మన లెక్క



తెనాలి, బాపట్ల, రేపల్లె కృష్ణా పశ్చిమ డెల్టాలోని పట్టణాలు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చి ఈ నేల మాగాణి అయింది. రేపల్లెకు తూర్పున కృష్ణానది, దక్షిణాన నిజాంపట్నం తీరం, మడ అడవులు. బాపట్లకు సూర్యలంక సముద్రం దగ్గర.

2011 జనాభా లెక్కల్లో తెనాలి పట్టణంలో 1,64,937 మంది, బాపట్లలో 70,777, రేపల్లెలో 50,866 మంది ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె అందులో చేరింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

ఈ అంకెల్లో మనవాళ్లు ఎక్కడ?

మన యానాదులు వరిచేల గట్ల మీద బొరియల్లో పొగపెట్టి ఎలుకలు పట్టారు, పంటను కాపాడారు. కాలువల్లో చేపలు, మడల్లో పీతలు పట్టి బతికారు. మన ఎరుకలవాళ్లు బుట్టలు, తట్టలు అల్లారు. పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. రైలు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతింది. బతుకుతెరువు పోయినవాళ్ల మీదే అనుమానం పడింది.

1871 నాటి నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. అక్కడ మన పెద్దలకు హాజరు పట్టీ ఉండేది, అనుమతి లేనిదే ఊరు దాటే వీలు లేదు. అంటే, ప్రభుత్వం మనల్ని మొదట జాగ్రత్తగా లెక్కపెట్టింది కాపలా కాయడానికే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. మచ్చ మాత్రం మాటల్లో, సినిమాల్లో ఇంకా మిగిలే ఉంది.

నేడు లెక్క అవసరం వేరు. కాలువకట్ట మీది గుడిసెకు డోరు నంబరు లేకపోతే పట్టా రాదు, రేషను కార్డు కష్టం, పిల్లలకు కుల ధ్రువపత్రం ఆలస్యం. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027కు చేరింది. ఈసారి కులాన్ని కూడా నమోదు చేస్తారు.

అందుకే మీకు ఒక మాట. లెక్కలవాళ్లు వచ్చినప్పుడు చదువుకున్న మీరు కట్టల మీదికి, చెరువుగట్ల మీదికి వెళ్లి పెద్దల పక్కన నిలబడండి. పేరు, కులం, భాష సరిగ్గా రాయించండి. ఒకనాడు మనల్ని కట్టడి చేసిన లెక్కే, నేడు మన హక్కుకు ఆధారం కావాలి.