రెండు రాజ్యముల పొలిమేర

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు అచ్చట చెరువు కట్టించి, మంచి తటాకమునకు వలసిన పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను అందు చెక్కించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల శ్రమ! దోషములలో నీరు స్వల్పమై పొలము విస్తారమగుట యొకటి. రెండు రాజ్యముల పొలిమేర నుండుట మఱియొకటి. ఈ రెండవదానిని చదివినపుడెల్ల మాకు శ్రీశైలము స్ఫురించును.

1963లో పునాది పడినపుడు ఆ యానకట్ట విద్యుత్తుకొఱకే తలపెట్టబడినది. యంత్రమును త్రిప్పిన నీరు వ్యర్థము కాదు. దిగువ నాగార్జునసాగరమును చేరి వరి పండించును. కాని పైరు దాహమునకొక ఋతువు, దీపమునకు వేఱొక వేళ. పిమ్మట రాయలసీమ కాలువలను, చెన్నపట్టణపు త్రాగునీటిని ఆ జలాశయమునకే తగిలించిరి. కాలువలకెక్కవలెనన్న నీటిమట్టము ఎత్తుగ నుండవలెను. యంత్రములు త్రిప్పినకొలది అది దిగజాఱును. ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రములాఱు కలవు. అవి యెదురు తిరిగి దిగువనీటిని మరల పైకి తోడగలవు. శాస్త్రము చూపిన యుపాయమిది.

కట్టిననాడు లేని పొలిమేర 2014లో ఏర్పడెను: ఎడమగట్టు తెలంగాణమునకు, కుడిగట్టు ఆంధ్రమునకు. నీరు దేనికి అను ప్రశ్న నీరు ఎవరిది అను ప్రశ్నగా మాఱెను. 2021లో విద్యుదుత్పత్తి వివాదమున కృష్ణ యానకట్టలకడ ఇరువైపుల పోలీసులు కాపు నిలిచిరి.