పదుగురి యోచన

పదుగురు కలసి కూర్చుండి యోచించినచో ఒక్కని బుద్ధికి అందనిది అందునని మన పెద్దల నమ్మకము. పంచాయతి, సభ, గోష్ఠి ఆ నమ్మకముపై నిలిచినవే. అమెరికాలో ప్రకటనల వ్యాపారము చేసిన అలెక్స్ ఆస్బర్న్ 1953లో వెలువరించిన గ్రంథమున దీనికొక పద్ధతిని కల్పించెను: ఎవరినీ విమర్శింపక, తోచినదెల్ల చెప్పుకొనుచు పోవలెనని ఆయన బోధ. 1958లో యేల్ విశ్వవిద్యాలయమువారు పరీక్షించి చూడగా ఫలితము వేరుగా వచ్చినది. కలసి కూర్చున్న నలుగురి ఆలోచనలకంటె, విడివిడిగా కూర్చున్న నలుగురి ఆలోచనలను ఒకచోట చేర్చినపుడే లెక్క హెచ్చుగా తేలినది. ముందు పలికినవాని మాట వెనుకవారి తలపులను తన త్రోవకే ఈడ్చుకొని పోవునన్నమాట.

ఈ సంగతికి మన నగరమునందే చక్కని చరిత్ర యున్నది. అబిడ్సులో తిరుగువారికి గన్‌ఫౌండ్రీ క్రొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము తొలినాళ్లలో ఆ ప్రాంతపు అద్దె భవనములలోనే నడచినది. 1919లో పాఠములు మొదలైనవి. బోధన ఉర్దూలో. భౌతిక, రసాయన శాస్త్రములకుగాని, వైద్యమునకుగాని ఉర్దూలో తగినన్ని పుస్తకములు లేవు. వ్రాయబూనిన వారికి పారిభాషిక పదములు చాలవు. అందుకై 1917లోనే ‘దారుల్ తర్జుమా’ అను అనువాద సంస్థ ఏర్పడినది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి నిర్వాహకుడు.

క్రొత్త మాటను కల్పించుట భవనమునకు నమూనా గీయుట వంటిదే. అబ్దుల్ హఖ్ ఆ పనికి ఏర్పరచిన క్రమము నేటికిని మెచ్చదగినది. శాస్త్రము నెరిగినవారిని, భాష నెరిగినవారిని ఒకేచోట కూర్చుండబెట్టవలెనని ఆయన నిశ్చయము. శాస్త్రజ్ఞుడు ఒంటరిగా చేసిన మాట నాలుకకు ఎక్కదు. పండితుడు ఒంటరిగా చేసిన మాట విషయమును పట్టదు. ఒకరి చూపు నొకరు సరిదిద్దుకొనుటకే ఆ కూడిక.

ఆ సభలలో వాదములకు కొదువ లేదు. పదములన్నియు అరబ్బీనుండియే తీయవలెనని ఒక పక్షము. ఉర్దూలో కలసిపోయిన అరబ్బీ, పారసీ, హిందీ ధాతువులన్నిటికిని సమాన హక్కు గలదని వేరొక పక్షము. రెండవ పక్షమున నిలిచిన పానిపట్టువాసి వహీదుద్దీన్ సలీం ఈ విషయముపై ఒక గ్రంథమే వ్రాసి 1921లో ప్రకటించెను. కనుక అచ్చటివారు తలలూపి ఊరకున్నవారు కారు.

అయినను వాదపు పొలిమేరలు మాత్రము ముందే గీయబడి యున్నవని మాకు తోచుచున్నది. అబ్దుల్ హఖ్ హాపూరునుండి, నజ్మ్ తబాతబాయీ, మీర్జా హాదీ రుస్వా లక్నోనుండి వచ్చినవారు. గొప్ప విద్వాంసులే, సందేహము లేదు. కాని వారందరి పెంపకము, చదువు ఇంచుమించు ఒక్కటే. నిజాం రాష్ట్రములో ఎక్కువమంది మాటలాడు భాష తెలుగు. సాలెవాని మగ్గముపై, కుమ్మరి సారెపై వేనవేలు పనిమాటలు ఆడుచునే యున్నవి. అరబ్బీయా, హిందీయా అని పోరాడువారికి ఆ మాటలు తలపునకు వచ్చు త్రోవ యేది? సంస్థ వందలకొలది గ్రంథములు వెలువరించినది. 1948 తరువాత బోధనాభాష ఇంగ్లీషు కాగా, వానిలో పెక్కు బీరువాలకు పరిమితమైనవి.

తెలుగువారు ఈ విషయములో వేరొక దారి త్రొక్కిరని చెప్పుటకు సంతోషించుచున్నాము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన వ్యవసాయ వృత్తి పదకోశమునకు మాటలు పండితసభలో పుట్టలేదు; జిల్లాలవెంట రైతుల నోట సేకరింపబడినవి.

ఉస్మానియాలో చదువుకొన్న పట్టభద్రుల కథ నాంపల్లికి చేరును. రాష్ట్రపు ఆర్థిక పరిస్థితులను సర్వే చేయవలెనని వారి సంఘము సంకల్పించినది. డబ్బు లేదు. డబ్బు కూర్చుటకు స్వదేశీ వస్తుప్రదర్శన పెట్టుదమన్న ఊహ పుట్టినది. ప్రధానమంత్రి సర్ అక్బర్ హైదరీ సమ్మతించగా 1938లో పబ్లిక్ గార్డెన్సులో ప్రదర్శన జరిగినది. పేరు ‘నుమాయిష్ మస్నూఆత్-ఎ-ముల్కీ’, అనగా దేశీయ వస్తువుల ప్రదర్శన. నాటి పట్టభద్రుల నోట ‘ముల్కీ’ అన్న మాట ఆడని దినము లేదు. ఉద్యోగములనుగూర్చిన మాటయే వస్తువులకును ప్రాకినది. వేరొక సంఘమైనచో వేరొక పేరు తోచియుండును.

ఆ ఊహను విశాలము చేసినది బయటి గాలియే. 1946లో ప్రదర్శన నేటి నాంపల్లి మైదానమునకు మారినది. 1947, 1948 సంవత్సరములలో జరుగలేదు. 1949లో రాజగోపాలాచారిగారి చేతులమీదుగా అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనమను క్రొత్త పేరు వచ్చినది. నేడు కాశ్మీరు శాలువల అంగడి ముందు బేరమాడు గృహిణికి ఆర్థిక సర్వే మాట తెలియదు. తెలియవలసిన పనియు లేదు. ప్రదర్శన రాబడి విద్యాసంస్థలకు పోవుచున్నది. వానిలో నొకటియగు సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము ఆ మైదానమునందే నడచుచున్నది.